కొయ్య మెట్ల చట్రం: దూలాలు కోయడానికి ముందు తేల్చుకోవలసిన లెక్కలు

కొత్తమేడ:

సభ్యులందరికీ నమస్కారం. కింది అంతస్తు నుంచి పై అంతస్తుకు మలుపు లేకుండా నేరుగా ఎక్కే మెట్లకు కొయ్య చట్రాన్ని స్వయంగా తయారు చేసుకోవాలని అనుకుంటున్నాను. బల్లలు, అలమరలు, తలుపు చట్రాలు చేసిన అనుభవం ఉంది కానీ, మనుషుల బరువు మోసే పనికి పూనుకోవడం ఇదే మొదలు. అందుకే రంపం పట్టకముందే నా లెక్కను మీ ముందు పెడుతున్నాను.

కింది నేల నుంచి పై నేల వరకు ఎత్తు 2800 మి.మీ. ఉంది. మెట్లు ఆక్రమించుకోగల పొడవు 4200 మి.మీ. పై అంతస్తు కొయ్య దూలాల మీద వేసినది; అందులో మెట్ల కోసం వదిలిన ఖాళీ 3400 మి.మీ. పొడవు, 1050 మి.మీ. వెడల్పు ఉంది. ఒక పక్క గోడ ఉంది, రెండో పక్క తెరిచి ఉంటుంది. మొత్తం ఎత్తును 16 భాగాలు చేస్తే ఒక్కొక్క మెట్టు 175 మి.మీ. ఎత్తు వస్తోంది. అడుగు పెట్టే చోటును (ఇకపై దానినే 'అడుగు' అంటాను) 270 మి.మీ. అనుకుంటే 15 అడుగులకు 4050 మి.మీ. పొడవు సరిపోతోంది. అడుగు పలకలు 36 మి.మీ. మందం, నిలువు పలకలు 18 మి.మీ. మందం వేయాలని ఆలోచన. మెట్ల ఆకారంలో గాట్లు కోసిన మూడు స్ట్రింగర్లను, అంటే మెట్లను మోసే వాలు దూలాలను, 40 మి.మీ. మందం గల చెక్కలో చేద్దామనుకుంటున్నాను. ఈ కొలతలతో ముందుకు వెళ్లవచ్చునా, పై చివరను దూలానికి ఎలా బిగించాలి అన్నవి నా ప్రశ్నలు.

మూలమట్టం:

కొత్తమేడ గారూ, మీ భాగహారం తప్పు కాదు. అయితే మీరు భాగించిన సంఖ్య సరైనదేనా అన్నది ముందు చూడాలి. ఆ 2800 మి.మీ. ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారు? నేల పనులు పూర్తయ్యాక కొలిచిన ఎత్తా, లేక ఇంకా పలకలు పరచని వట్టి నేలల మధ్య కొలిచినదా?

ఈ వృత్తిలో నేను చూసిన చెడిపోయిన మెట్లలో ఎక్కువ భాగం చెక్క బలహీనమై చెడిపోయినవి కావు. చట్రం కోసినప్పుడు ఉన్న నేల ఒకటి, మనుషులు నడిచే నాటికి ఉన్న నేల మరొకటి కావడం వల్ల మొదటి మెట్టు పొట్టిగానో చివరి మెట్టు పొడుగ్గానో మిగిలినవి. ఎక్కేవారి కాలు మొదటి రెండు మెట్లలోనే ఎత్తును పట్టేస్తుంది. ఆ తరువాత కన్ను చూడకపోయినా కాలు అదే ఎత్తుకు లేస్తుంది. మధ్యలో ఒక్క మెట్టు పది, పన్నెండు మి.మీ. తేడాగా ఉంటే అక్కడే తట్టుకుంటారు. అమెరికా గృహ నిర్మాణ నియమావళి ఒకే వరుసలోని మెట్లలో అన్నిటికంటే ఎత్తైనదానికీ పొట్టిదానికీ మధ్య తేడా 9.5 మి.మీ. దాటకూడదని చెబుతుంది. నా మటుకు నాకు మూడు మి.మీ. దాటితేనే నచ్చదు.

కొత్తమేడ:

మంచి ప్రశ్న అడిగారు. అది వట్టి నేలల మధ్య కొలత. కింద ఇసుక సిమెంటు పరుపుతో కలిపి 40 మి.మీ. మందం గల రాతి పలకలు రాబోతున్నాయి. పైన ఇప్పుడున్న చెక్కల మీద 20 మి.మీ. మందం గల పలకలు వేస్తాము.

మూలమట్టం:

అయితే మీ అసలు ఎత్తు 2800లో కింది 40 తీసివేసి పై 20 కలిపితే వచ్చే 2780 మి.మీ. దానిని 16తో భాగిస్తే 173.75 వస్తుంది. ఒక్కొక్క మెట్టుకు తేడా చిన్నదే. కానీ మీరు 175 లెక్కనే వట్టి నేలల మీద చట్రం నిలబెట్టి ఉంటే మొదటి మెట్టు 135 మి.మీ.కు కుంగి, చివరిది 195 మి.మీ.కు లేచేది. వరుసలో అన్నీ సమానంగా ఉండి, రెండు కొసల్లో మాత్రమే 60 మి.మీ. తేడా ఉండే మెట్లను ఊహించుకోండి.

బరువులెక్క:

ఎత్తు సంగతి తేలింది కనుక తల సంగతి కూడా చూద్దాం. కొత్తమేడ గారు 4200 మి.మీ. పొడవును చూసి 270 అడుగును ఎంచుకున్నారు కానీ, ఇక్కడ అసలు అడ్డంకి ఆ పొడవు కాదు. పైన ఉన్న 3400 మి.మీ. ఖాళీ. పై అంతస్తు మొత్తం మందం ఎంతో చెప్పగలరా?

కొత్తమేడ:

పైన వేయబోయే పలకలు 20, ఇప్పుడున్న చెక్కలు 20, దూలాలు 200, కింద సీలింగు 10. అన్నీ కలిపి 250 మి.మీ.

బరువులెక్క:

అడుగు పలకల ముందంచులన్నిటినీ తాకుతూ ఒక వాలు గీత గీసినట్టు అనుకోండి. ఆ గీత నుంచి నిటారుగా పైకి, తలకు తగిలే మొదటి అడ్డంకి వరకు ఉన్న దూరమే తల ఖాళీ. దీనికి బ్రిటన్ నిబంధన 2000 మి.మీ., అమెరికా నిబంధన 2032 మి.మీ. కనీసంగా అడుగుతాయి. మీ మెట్లలో ప్రతి 270 మి.మీ.కు 173.75 దిగుతారు. ఖాళీ అంచు పై కొస నుంచి 3400 మి.మీ. దూరంలో ఉంది కనుక, అక్కడికి వచ్చేసరికి వాలు గీత పై నేల కంటే సుమారు 2188 మి.మీ. కిందికి దిగుతుంది. అందులో అంతస్తు మందం 250 పోతే మిగిలేది 1938 మి.మీ. కాస్త పొడగరి అయిన మనిషి చేతిలో సామానుతో తల ఎత్తి దిగితే నుదురు సీలింగు అంచుకు కొట్టుకుంటుంది.

దీనికి రెండే దారులు ఉన్నాయి. ఖాళీని మరో 150, 200 మి.మీ. పొడిగించడం ఒకటి. దానికి ఖాళీ కొసన దూలాల చివరలను మోసే అడ్డు దూలాన్ని వెనక్కి జరిపి, కోసిన దూలాల బరువును కొత్త అడ్డు దూలం మీదికి మళ్లించాలి. పై అంతస్తును కింద నుంచి పోట్లు పెట్టి నిలబెట్టకుండా ఆ పనికి దిగకూడదు. రెండో దారి వాలును కొంచెం పెంచడం. 15 ఎత్తులు చేస్తే ఒక్కొక్కటి 185.3 మి.మీ.; అడుగును 265 చేస్తే 14 అడుగులకు 3710 మి.మీ. చాలు. అప్పుడు ఖాళీ అంచు దగ్గర తల ఖాళీ 2128 మి.మీ. వస్తుంది.

తేలికడుగు:

ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఎత్తు పెంచడం మంచిది కాదని నా అభిప్రాయం. పదహారు ఎత్తులనే ఉంచి అడుగును 270 నుంచి 250కి తగ్గిస్తే కూడా వాలు పెరుగుతుంది కదా. నేను లెక్క వేస్తే తల ఖాళీ 2113 మి.మీ. వస్తోంది. మోకాలికి శ్రమ తక్కువ, తలకు దెబ్బ లేదు. ఆ దారి ఎందుకు పట్టకూడదు?

మూలమట్టం:

తేలికడుగు గారి లెక్క సరైనదే, సూచన కొట్టిపారేయదగినది కాదు. కాకపోతే మెట్ల కష్టాన్ని మనం ఎక్కేటప్పటి ఆయాసంతో కొలుస్తాము గానీ, పడిపోయేవారిలో ఎక్కువ మంది దిగేటప్పుడు పడతారు. దిగేటప్పుడు కాలికి కావలసింది ఎత్తు తగ్గడం కంటే పాదం ఆనడానికి చోటు. పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో 265కూ 250కీ మధ్య ఉన్న ఆ 15 మి.మీ. అడుగును వదులుకోవడానికి నేను ఒప్పుకోను.

17వ శతాబ్దపు ఫ్రెంచి వాస్తుశిల్పి ఫ్రాన్స్వా బ్లాండెల్ పేరుతో ఒక సూత్రం నేటికీ వాడుకలో ఉంది: రెండు ఎత్తులూ ఒక అడుగూ కలిపితే మనిషి మామూలుగా వేసే అంగకు సరిపోవాలి. ఇప్పటివారు దానిని సుమారు 600 నుంచి 640 మి.మీ. మధ్య ఉంచుతారు. బరువులెక్క గారి కొలతకు అది 635.6 వస్తుంది, తేలికడుగు గారి కొలతకు 597.5 వస్తుంది. రెండూ నడవదగినవే. అయితే అమెరికా నియమావళి అడుగును కనీసం 254 మి.మీ. ఉంచమంటుంది, ఎత్తును 196 మి.మీ. వరకు అనుమతిస్తుంది, ఆ లెక్కన మొదటిది నిలుస్తుంది, రెండోది నిలవదు. పాదానికి అదనపు చోటు కావాలంటే అడుగు పలకను 290 మి.మీ. వెడల్పు చేసి, ముందంచును కింది నిలువు పలక ముఖం నుంచి 25 మి.మీ. బయటికి వదలవచ్చు. కానీ అలా బయటికి వదిలిన భాగాన్ని అడుగు లెక్కలో కలపకూడదు.

ఒకటి మాత్రం తప్పక చేయండి. మీరున్న చోట అమలులో ఉన్న నిబంధన ఏమిటో చూసుకున్నాకే చెక్క కొనండి. నేను చెప్పినవి పోల్చి చూసుకోవడానికి మాత్రమే.

కొత్తమేడ:

దూలాలు జరిపే సాహసం చేయను. 185.3 ఎత్తు, 265 అడుగు, పదిహేను ఎత్తులు, పద్నాలుగు అడుగులు అని నిర్ణయించుకున్నాను. ఇప్పుడు చెక్క సంగతి. నాకు 240 మి.మీ. వెడల్పు గలది, 285 మి.మీ. వెడల్పు గలది రెండూ దొరుకుతున్నాయి. 240లో చక్కగా ఆరిన, ముడులు లేని చెక్క ఉంది.

చేవచెక్క:

240ని మరిచిపోండి. గాటు ఎంత లోతుగా దిగుతుందో చూడండి: 185.3ను 265తో గుణించి, ఆ రెండింటి కర్ణమైన 323.4తో భాగిస్తే 152 మి.మీ. వస్తుంది. అంటే 240 చెక్కలో గాటు మొన కింద మిగిలేది 88 మి.మీ. మాత్రమే, బరువంతా ఆ 88 మి.మీ. పట్టీ మీద నడుస్తుంది. 285 చెక్కలో 133 మిగులుతుంది. కోసిన స్ట్రింగరు బలం మొదట కొన్న చెక్క వెడల్పులో ఉండదు. గాట్ల కింద తెగకుండా మిగిలిన ఆ పట్టీలోనే ఉంటుంది. అమెరికాలో ఆరుబయటి మెట్లకు 127 మి.మీ.కు తగ్గకుండా మిగల్చడం వాడుక.

ఇక చెక్క ఎంపిక. పొడవు విషయంలో 14 అడుగులకు కర్ణం 4527 మి.మీ. అవుతుంది, పై కొస, కింది కొస కోతలకు కలుపుకొని ఐదు మీటర్లకు తగ్గని చెక్క తీసుకోండి. చేవ చెక్కే కావాలి. అంచున తెల్లగా కనిపించే మెత్తచెక్క పట్టీ గాట్ల వైపున గానీ కింది అంచున గానీ రాకూడదు. ముడులు పూర్తిగా లేని ఐదు మీటర్ల చెక్క దొరకడం అరుదు కనుక, ఉన్న ముడులు కోసి పారేసే త్రికోణాలలో పడేటట్టు చెక్కను అటూ ఇటూ తిప్పి, ముందూ వెనకా జరిపి చూసుకోండి. గాటు లోపలి మూల దగ్గర ముడి ఉంటే ఆ చెక్క ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టాలి. తేమ కొలిచే మీటరుతో చూస్తే లోపలి పనికి 8 నుంచి 12 శాతం మధ్య ఉండాలి. తడి చెక్కతో చేస్తే గాట్లు ఎండే కొద్దీ మూసుకుంటాయి, తెరుచుకుంటాయి; అడుగు పలకలు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. ఆ మధ్య సందులోంచే కిర్రు చప్పుడు పుడుతుంది.

గాడిపని:

ఇంత వెడల్పు చెక్క తెచ్చి సగం కోసి పారేయడం ఎందుకో నాకు అర్థం కావడం లేదు. రెండు పక్కల రెండు నిండు దూలాలు నిలబెట్టి, వాటి లోపలి ముఖాల మీద 12 మి.మీ. లోతు గాడులు తవ్వి, అడుగు పలకలనూ నిలువు పలకలనూ ఆ గాడుల్లో దించి, వెనక నుంచి చీలలకు జిగురు పూసి కొట్టి బిగిస్తే దూలం బలం దూలానికే ఉంటుంది. గాడి వెనక వైపుకు కొంచెం వెడల్పయ్యేటట్టు తవ్వుతారు కనుక చీల కొట్టే కొద్దీ పలక ముందుకు అదిమి కూర్చుంటుంది. ఏళ్లు గడిచినా చప్పుడు రాదు, పక్క నుంచి చూస్తే పలకల కొసలు కూడా కనిపించవు.

మూలమట్టం:

గాడిపని గారు చెప్పినది మేలైన పనితనం, అందులో సందేహం లేదు. గోడ పక్కన అయితే నాకు కూడా అదే ఇష్టం. అయితే దానికి గాడులు తవ్వే యంత్రమైన రూటరు, ఖచ్చితమైన అచ్చు, పక్కకు మళ్లించి తవ్వగలిగిన చేయి కావాలి. మొత్తం 28 అడుగు గాడులూ 30 నిలువు గాడులూ సరిగ్గా కుదరాలి. ఒక గాడి రెండు మి.మీ. తప్పితే ఐదు మీటర్ల చెక్క వృథా. అంతేకాక మెట్లను విడిగా జోడించి, ఒక్క ముక్కగా లేపి నిలబెట్టాలి. దానికి మనుషులు కావాలి, తిరగడానికి చోటు కావాలి. పైగా వీరి మెట్లు మీటరు వెడల్పువి. అంత వెడల్పుకు అడుగు పలకల మధ్యలో ఇంకొక ఆధారం లేకుండా వదలడం నాకు ఇష్టం ఉండదు, కాబట్టి గాడి దూలాలు చేసినా నడిమి కోత దూలం తప్పదు. మొదటిసారి చేసేవారికి మూడు కోత దూలాలే అనువైనవి.

బరువులెక్క:

నడిమి దూలం మాట వచ్చింది కనుక ఒక విషయం. చాలామంది చక్కటి చెక్కను కనిపించే పక్కకు వేసి, వంకర చెక్కను మధ్యలో దాచేస్తారు. బరువు లెక్క దీనికి పూర్తిగా ఎదురు. మూడు ఆధారాల మీద పలక సాగినప్పుడు నడిమి దూలం మీద మొత్తం బరువులో సగానికి పైగా, సుమారు 62 శాతం పడుతుంది. మీ మెట్ల మీద చదరపు మీటరుకు 3 కిలోన్యూటన్ల బరువు అనుకుంటే మొత్తం 11 కిలోన్యూటన్లు. అందులో సగం పై కొసకు పోతుంది. ఆ సగంలో నడిమి దూలం పై కొస ఒక్కటే మోసేది దాదాపు 3.5 కిలోన్యూటన్లు, అంటే ఇంచుమించు 350 కిలోలు. అన్నిటికంటే మంచి చెక్కను మధ్యలో వేయండి.

ఇక పై కొస బిగింపు. మీ కొలతల్లో నన్ను కలవరపెడుతున్నది ఇదే. చివరి ఎత్తు 185.3, అడుగు పలక మందం 36, రెండూ కలిపి అందులోంచి పైన రాబోయే 20 తీసివేస్తే, పద్నాలుగో అడుగు కూర్చునే గాటు ఇప్పుడున్న పై నేల మట్టానికి 201 మి.మీ. కిందికి వస్తుంది. మెట్ల పై కొస ఆనే అడ్డు దూలం కింది అంచు ఆ మట్టానికి 220 మి.మీ. కింద ముగుస్తుంది. అంటే స్ట్రింగరు కొస 162 మి.మీ. పొడవు గల నిలువు కోతలో కేవలం 19 మి.మీ. అడ్డు దూలాన్ని తాకుతుంది, మిగిలినదంతా గాలిలో ఉంటుంది. ఆ 19 మి.మీ.లో ఎన్ని స్క్రూలు దింపినా అది బిగింపు కాదు.

కొత్తమేడ:

ఈ కోణం నాకు తట్టనే లేదు. పై నేల మట్టంలో ఇంకొక అడుగు పలక కలిపి, స్ట్రింగర్లను ఒక మెట్టు పైకి లేపితే వాటి కొసలు పూర్తిగా అడ్డు దూలానికి ఆనుతాయి కదా? పొడవు 3710కి 265 కలిపినా 3975 మాత్రమే, నాకు 4200 ఉంది.

బరువులెక్క:

నేల మీద చోటు ఉంది కానీ తల మీద లేదు. మీరు అలా చేస్తే మెట్ల వరుస మొత్తం 265 మి.మీ. ముందుకు జరుగుతుంది, పై ఖాళీ మాత్రం అక్కడే ఉంటుంది. అప్పుడు తల ఖాళీ 1942కి పడిపోతుంది. ఎక్కడ మొదలుపెట్టామో అక్కడికే వస్తాము.

దీనికి పద్ధతి వేరే ఉంది. అడ్డు దూలం ముఖానికి 18 మి.మీ. మందం గల మేలురకం ప్లైవుడ్ పలకను మెట్ల వెడల్పంతా వచ్చేటట్టు బిగించి, దానిని దూలం కంటే కిందికి వేలాడనివ్వండి. నేల మట్టం నుంచి మొత్తం 380 మి.మీ. లోతు ఉంటే స్ట్రింగరు నిలువు కోత పూర్తిగా దాని మీద ఆనుతుంది. ప్లైవుడ్‌ను అడ్డు దూలానికి జిగురుతో పాటు ఆరపార బోల్టులతో బిగించాలి. దూలం కిందికి వేలాడిన భాగం వెనక్కి వంగకుండా వెనక వైపు నిలువు దిమ్మలు పెట్టి పక్క దూలాలకు కట్టాలి. స్ట్రింగర్ల కొసలను ఒక్కొక్కదానికి వాలు మార్చుకోగలిగిన లోహపు హ్యాంగరులో (దూలం కొసను పట్టి ఉంచే తొడుగులో) కూర్చోబెట్టి, ఆ హ్యాంగరు తయారీదారు చెప్పిన మేకులే వాడాలి. చెక్క స్క్రూలు గట్టివే అయినా అడ్డంగా కోసుకుపోయే బరువుకు ఠక్కున విరుగుతాయి. ఈ పలక వల్ల వరుస 18 మి.మీ. ముందుకు జరుగుతుంది, తల ఖాళీలో తగ్గేది 13 మి.మీ. కంటే తక్కువ, దానిని భరించవచ్చు.

పాతరంపం:

నేను చాలా మెట్లు నిలబెట్టాను. కింద నేల మీద మట్టంగా కూర్చున్న స్ట్రింగరు ఎక్కడికీ పోదు. కింది కొసను ఆపడానికి దిమ్మలు బిగించమని కొందరు పట్టుబడతారు, అది నాకు అనవసరపు పనిగా తోస్తుంది. బరువు నిటారుగా కిందికే కదా పడేది, ముందుకు తోసేది ఏముంది?

బరువులెక్క:

పాతరంపం గారూ, మీరు నిలబెట్టినవి ఎందుకు కదలలేదో నేను చెప్పగలను. పై కొసను కూడా మీరు మట్టంగా కోసి దూలం పైననో బద్ద పైననో కూర్చోబెట్టి ఉంటారు. రెండు కొసలూ మట్టంగా ఆనితే వాలు దూలమైనా మామూలు దూలంలాగే నిటారుగా బరువు దించుతుంది, తోపు ఉండదు. ఇక్కడ పరిస్థితి వేరు. పై కొస నిలువు ముఖానికి ఆనుతోంది. అక్కడి హ్యాంగరు ఏమాత్రం సడలినా స్ట్రింగరు గోడకు ఆనించిన నిచ్చెన అవుతుంది, కింది కొస ముందుకు జారాలని చూస్తుంది. ఈ వాలుకు, పైన పట్టు అసలే లేదనుకుంటే, ఆ తోపు మొత్తం బరువులో 70 శాతం దాకా పోతుంది. అందుకే కింద దిమ్మ తప్పనిసరి అంటాను.

పాతరంపం:

నిజమే, నేను ఎప్పుడూ బద్ద మీదే కూర్చోబెడతాను. ఈ ఇంటికి దిమ్మ ఉండాలన్న మాట ఒప్పుకుంటాను. ఆ దిమ్మను వెడల్పంతా ఒకే ముక్కగా నేలకు బిగించి, స్ట్రింగరు కింది మూలలో దానికి సరిపడే గాటు కోస్తే పని శుభ్రంగా ఉంటుంది.

చేవచెక్క:

ఆ కింది కొస గురించే నాకొక భయం ఉంది. వట్టి కాంక్రీటు మీద స్ట్రింగర్లు నిలబెట్టి ఆ తరువాత రాతి పలకలు పరిస్తే, తడి పరుపులో 40 మి.మీ. మేర చెక్క మునుగుతుంది. చెక్కలో నీరు ఎక్కేది అన్నిటికంటే ఎక్కువగా కోసిన కొస నుంచే. పైకి ఏమీ కనిపించదు, లోపల పాదం మెత్తబడుతుంది.

మూలమట్టం:

ఇది ముఖ్యమైన మాట. కొత్తమేడ గారూ, స్ట్రింగర్లు కూర్చునే చోట వరకైనా రాతి పలకలు ముందే పరిపించి, బాగా ఆరనిచ్చి, వాటి మీద తేమ ఎక్కని పట్టీ వేసి అప్పుడు చట్రం నిలబెట్టండి. కోసిన కొసలకు రెండు పూతలు రక్షణ ద్రవం పట్టించండి.

అలా చేస్తే గీతలు గీసే లెక్క ఇలా మారుతుంది. మొదటి గాటు పూర్తయిన నేల మీద 185.3లో 36 తీసివేయగా 149.3 మి.మీ. ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి పదమూడు ఎత్తులు 185.3 చొప్పున లేస్తే పద్నాలుగో గాటు వస్తుంది. దాని మీద ఇప్పుడున్న పై నేల దాకా 201.3 మిగలాలి. ఈ మూడింటినీ కూడితే 2760 రావాలి. అది మీ 2800లో కింద వచ్చే 40 పోగా మిగిలిన ఎత్తే. కూడిక కుదరకపోతే చెక్క ముట్టుకోవద్దు. కొత్తవారు మరిచేది ఆ మొదటి 36నే. కింది కొస నుంచి పలక మందం తగ్గించకపోతే మొదటి మెట్టు 221, చివరిది 149 అవుతాయి.

గీసే పద్ధతి చెబుతాను. టేపుతో ఒక్కొక్క మెట్టూ కొలుస్తూ పోకండి. ఒక్కొక్క చోట అర మి.మీ. జారినా పద్నాలుగు మెట్లకు ఏడు మి.మీ. అవుతుంది. పలచటి ప్లైవుడ్‌లో 185.3, 265 భుజాలుగా లంబకోణ త్రికోణం ఒకటి కోసి, దాని కర్ణం వెంట ఒక బద్ద బిగించండి. ముందుగా చెక్క అంచు మీద 323.4 మి.మీ. దూరాలను మొదటి నుంచి లెక్కగట్టి 323.4, 646.8, 970.2 అంటూ ఒకే టేపు నిడివిలో గుర్తు పెట్టండి. తరువాత బద్దను అంచుకు ఆనించి, త్రికోణాన్ని ఆ గుర్తుల దగ్గరికి జరుపుతూ సన్నటి పెన్సిలుతో గీయండి. చెక్కకు నిడివిలో కొంచెం వంపు ఉంటే, ఉబ్బిన అంచు పైకి రావాలి. అదే గాట్లు పడే అంచు. బరువు పడ్డాక అది సర్దుకుంటుంది.

కోసేటప్పుడు గుండ్రటి రంపాన్ని లోపలి మూల దాకా పోనివ్వకూడదు. పై ముఖం మీద గీత ముగిసిన చోట పళ్ల చక్రం ఆగితే కింది ముఖంలో కోత మూల దాకా రాదు; కింద కూడా మూల తెగేదాకా తోస్తే పై ముఖం మీద అది గీత దాటి పోతుంది. మూలకు రెండు అంగుళాల ముందే ఆపి, మిగిలినది చేతి రంపంతో నిటారుగా దించండి. గీత దాటిన ఆ సన్నటి చీలిక నుంచే నారవాటం వెంట చెక్క పగులుతుంది. మూలలో ముందే చిన్న రంధ్రం వేసి కోత ముగిస్తే ఇంకా మంచిది.

మొదటి స్ట్రింగరును కోశాక దానిని తన చోట నిలబెట్టి, రసమట్టం పెట్టి అడుగులన్నీ మట్టంగా ఉన్నాయో లేదో, పై కొస పలకకు నిండుగా ఆనుతోందో లేదో చూడండి. అంతా కుదిరాకే మిగతా రెండింటిని దాని మీదుగా గీయండి. రెండోదాన్ని చూసి మూడోది గీయకూడదు. మూడూ మొదటిదానికే పిల్లలు కావాలి.

తేలికడుగు:

పలకలు బిగించే వరుస ఏది? నిలువు పలకలు ముందా, అడుగు పలకలు ముందా అని ఎప్పుడూ వాదన వింటూనే ఉంటాను.

గాడిపని:

కింది నుంచి మొదలుపెట్టి ఒక నిలువు పలక, దాని మీద ఒక అడుగు పలక, మళ్లీ నిలువు పలక. అడుగు పలక వెనక అంచులోకి పై నిలువు పలక గుండా వెనక నుంచి స్క్రూలు దింపాలి, ఎందుకంటే ఈ రెండూ విడివిడిగా కదలడమే చప్పుడుకు మూలం. గాట్ల మీద జిగురును ఉదారంగా పూయండి. మేకు మాత్రం వద్దు, అది ఏడాది తిరిగేసరికి లేస్తుంది. అడుగు పలక కింద, నిలువు పలకతో కలిసే మూలలో ఒక్కొక్క మెట్టుకు మూడేసి త్రికోణపు దిమ్మలు జిగురుతో అతికించండి. పలక వేసే ముందు మూడు స్ట్రింగర్ల గాట్ల మీదుగా నిటారు బద్ద పెట్టి చూస్తే ఎక్కడ సందు ఉందో తెలుస్తుంది. నడిమిది ఒక మి.మీ. తగ్గితే పలచటి చెక్క రేకు పెట్టి నింపవచ్చు. ఎక్కువైతే మాత్రం చిత్రిక పట్టాల్సిందే, లేకపోతే పలక దాని మీద ఊగుతుంది.

కొత్తమేడ:

గోడ పక్క స్ట్రింగరును నేరుగా గోడకు ఆనించి బిగించవచ్చా? గోడకు పూత పని ఇంకా మిగిలి ఉంది.

మూలమట్టం:

ఆనించకండి. గోడ వెంట వాలుగా 40 మి.మీ. మందం గల బద్దను ముందు గోడకు బిగించి, దాని మీద స్ట్రింగరును బిగించండి. బద్ద పై అంచు గాట్ల మూలల కంటే కిందనే ఉండాలి. అప్పుడు గోడకూ గాట్లకూ మధ్య సందు ఏర్పడి, గోడ పూత గానీ గోడవారగా వేసే పట్టీ గానీ మెట్ల వెనకకు శుభ్రంగా దిగుతుంది; మెట్టు మెట్టుకూ కోసి అతకవలసిన పని ఉండదు. మీ ఖాళీ 1050 కనుక 40 పోయినా మీటరు చట్రానికి ఇంకా 10 మి.మీ. సందు మిగులుతుంది.

ఇంకొకటి. చట్రం నిలబడిన రోజునే అందరూ దాని మీద నుంచి ఎక్కడం మొదలుపెడతారు, పూత పని వారి బకెట్లతో సహా. అసలు అడుగు పలకలను అప్పుడే బిగించకండి. అదే 36 మి.మీ. మందం వచ్చేటట్టు రెండు 18 మి.మీ. ప్లైవుడ్ ముక్కలను జతచేసి తాత్కాలిక అడుగులుగా, స్క్రూలతో మాత్రమే, జిగురు లేకుండా వేయండి. తెరిచి ఉన్న పక్కన పడిపోకుండా తాత్కాలిక అడ్డు కట్టె కూడా ఆ రోజే కట్టండి.

కొత్తమేడ:

అలాగే చేస్తాను. రాతి పలకల పని ముందుకు జరపమని ఇవాళే చెప్పాను. 285 మి.మీ. చెక్కలు నాలుగు ఎంచి పెట్టాను, ఒకటి అదనం. అందులో అన్నిటికంటే నిటారుగా ఉన్నదాని మీద 'నడుమ' అని సుద్దతో రాశాను. ప్లైవుడ్ వేలాడదీసే చోట వెనక దిమ్మలు పెట్టడానికి సీలింగు ఒక పలక మేర విప్పవలసి వస్తుంది. అడ్డు దూలం ఒంటి దూలమా, జంట దూలమా అన్నది అప్పుడే తెలుస్తుంది. చూశాక ఇక్కడే రాస్తాను.

బరువులెక్క:

ఒంటి దూలమైతే బోల్టులు వేయకముందే నాకు చెప్పండి. మెట్ల బరువులో సగం దాని మీదికే వస్తుంది కనుక, ముందు దాన్ని జంట చేయాలి.